జటలు మనవి కావు

గత సంక్రాంతి పండుగకు మన సంఘమందిరమున జరిగిన సభలో ఒక యువకుడు ఉపన్యసించెను. అతడు మన బరంపురములోనే పుట్టి పెరిగినవాడు. పెద్ద ఉద్యోగము చేసి, విసిగి, దానిని వదలి, మనశ్శాంతిని వెదకికొనుచు దేశములు తిరిగి వచ్చినవాడు. జమైకా ద్వీపమున, కింగ్‌స్టన్ నగరమునకు తూర్పున తొమ్మిది మైళ్ల దూరములో, బుల్ బే అను సముద్రతీర గ్రామమునకు ఎగువనున్న కొండపై, రాస్తఫారీ మతస్థుల ఆశ్రమమున రెండు వారములు నివసించి వచ్చెనట. అచ్చటి అనుభవమును గంటసేపు చెప్పెను. మంచి వక్తృత్వము గలవాడు. వేకువజామున కొండ దిగువ కనబడు సముద్రము, తూర్పుముఖముగా నిలిచి చేయు ప్రార్థన, తలపాగలు, పొడవాటి అంగీలు, దుందుభి వంటి వాద్యధ్వని, ఉప్పులేని వంట, అన్నియు కన్నులకు కట్టినట్లు వర్ణించెను. అంతవరకు బాగున్నది. పిమ్మట ఒక సిద్ధాంతము చేసెను. వారి జటలు మన శివుని జటలట. వారి గంజాయి మన సాధువుల గంజాయియట. వారి ఆహారము మన సాత్త్వికాహారమట. వారు మాటిమాటికి పలుకు ‘ఐ అండ్ ఐ’ అను మాట మన అద్వైతమట. కావున రాస్తఫారీ మతము సముద్రము దాటిపోయిన మన ధర్మవృక్షపు కొమ్మయేనట. సభ కరతాళధ్వనులతో మారుమ్రోగెను. వెనుక వరుసనుండి ఎవరో, “గంజాం జిల్లావారము, గంజాయి సంగతి మనకు తెలియదా!” అని చమత్కరింపగా నవ్వులు కూడ చెలరేగెను.

నేను చప్పట్లు కొట్టలేదు. ఆనాడు లేచి మాటాడవలసినది; మాటాడలేకపోతిని. ఈ సంచికలో సంపాదకవర్గము వారు చోటు దయచేసిరి గనుక ఇప్పుడు వ్రాయుచున్నాను. ఆ యువకునిపై నాకు కోపము లేదు. పదునాలుగు దినములు పరుల పంక్తిని కూర్చుండి భుజించి, వారిని గూర్చి మంచిమాట చెప్పిన వానిపై కోపమెందుకు? నా కోపమంతయు ఆ చప్పట్లపైననే.

మొదట అతని మాటలలో సత్యమున్న మేరకు ఒప్పుకొందును. జమైకాలో బానిసత్వము 1838 ఆగస్టు 1వ తేదీకి పూర్తిగా అంతరించెను. విడుదలయైన ఆఫ్రికా సంతతివారు తోటల యజమానులు విసరిన కూలికి చెఱకు నరకుటకు నిరాకరించిరి. అప్పుడు తోటల దొరలు మన దేశము వైపు చూచిరి. 1845 మే నెలలో ‘బ్లండెల్’ అను ఓడ మొదటి భారతీయ కూలీలను జమైకా తీరమున దింపెను. నాటినుండి 1917 వరకు ముప్పదియారు వేలకు పైబడి మనవారు ఒప్పందపు కూలీలుగా అచ్చటికి పోయిరి. వారిలో అధికులు కలకత్తా రేవునుండి పోయిన ఉత్తరాదివారు. తొలి యేండ్లలో మదరాసు రేవునుండి పోయినవారును కలరు. గంజాయి వారితోనే పోయెను. జమైకాలో నేటికిని దానిని ‘గాంజా’ అనియే పిలుతురు. రాస్తఫారీ మతమును మొట్టమొదట బోధించినవారిలో ముఖ్యుడైన లెనర్డ్ హోవెల్, 1930 దశకపు నడుమ తాను ప్రకటించిన ‘ది ప్రామిస్డ్ కీ’ అను చిన్న పుస్తకముపై ‘జి. జి. మరాగ్’ అని పేరు వేసికొనెను. ఆ మారుపేరులో మన ‘గురు’, ‘మహారాజ్’ శబ్దముల ఛాయ కలదని పరిశోధకులు చెప్పుదురు. ఇదంతయు నిజమే.

అయినను ఈ నిజములో మనము గర్వింపదగినదేమున్నది? మనవారు జమైకాకు ధర్మప్రచారకులై పోలేదు. ఆకలికి పోయిరి. స్వేచ్ఛ పొందిన నల్లవాని కూలి పెరుగకుండ అణచుటకు వారిని తోటల దొర ఆయుధముగా వాడుకొనెను. ఒకని మెడనుండి తీసిన కాడిని ఇంకొకని మెడపై వేసిరి. ఆ రెండవవాడు మనవాడు. సాయంకాలము గుడిసె ముందు కూర్చుండి అతడు పీల్చిన పొగ, పగటి బాధను మరచుటకే గాని మోక్షమునకు కాదు. ఆ పొగను ప్రక్కగుడిసెలోని నల్లవానితో పంచుకొనెను. కష్టజీవులిద్దరి నడుమ జరిగిన ఆ ఇచ్చిపుచ్చుకోలు గొప్పదే. దానిని మన సంస్కృతీ విజయముగా చాటుట మాత్రము చరిత్రను తలక్రిందులు చేయుట.

ఇక జటల మాట. రాస్తఫారీలు జటలను దేనినుండి గ్రహించిరన్న విషయమున ఏకాభిప్రాయము లేదు. వారిని అడిగినచో బైబిలులోని సంఖ్యాకాండము ఆరవ అధ్యాయమును చూపుదురు. దేవునికి తన్ను సమర్పించుకొన్నవాడు తలపై మంగలికత్తి సోకనీయరాదను నాజీరు వ్రతము అందున్నది. 1950 దశకమున కెన్యాలో తెల్లవారిపై తిరుగుబాటు చేసిన మౌ మౌ వీరుల ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినపుడు వారి జడలను చూచి అనుకరించిరని కొందరు పండితులందురు. భారతీయ సాధువుల ప్రభావమని మరికొందరందురు. మూడును కొంత కొంత నిజము కావచ్చును. అయితే ఒక జట ఎచ్చటినుండి వచ్చినదని అడుగుటకు ముందు, దానికి ఏమి జరిగినదని అడుగవలదా? మన ఉపన్యాసకుడు గంటసేపు మాటాడి ఆ ప్రశ్న వేయలేదు. నేను వేయుచున్నాను.

1930 నవంబరు 2వ తేదీన ఇథియోపియాలో రాస్ తఫరి మకొన్నెన్ అను రాజు హైలె సెలాసీ అను పేరుతో చక్రవర్తిగా పట్టాభిషిక్తుడయ్యెను. ‘రాస్’ అనగా ఆ దేశమున ఒక రాజబిరుదము; ఆ బిరుదము, ఆ పేరు కలిసియే ఈ మతమునకు పేరయ్యెను. యూరోపు రాజ్యములు ఆఫ్రికానంతయు పంచుకొన్న కాలమున, కిరీటము ధరించిన ఒక నల్లని రాజును చూచి కింగ్‌స్టన్ మురికివాడలలోని నిరుపేదలు అతనియందే దేవుని చూచిరి. అంతకుముందే మార్కస్ గార్వే అను జమైకా నాయకుడు ఆఫ్రికాయే మన ఇల్లు అని లక్షలమందికి బోధించి యుండెను. ఆంగ్ల చక్రవర్తికి కాదు, ఇథియోపియా చక్రవర్తికి విధేయులై యుండుడని బోధించినందుకు హోవెల్‌ను 1934లో రాజద్రోహ నేరమున రెండేండ్లు చెరసాలలో పెట్టిరి. 1940లో అతడు స్లైగోవిల్ సమీపమున ‘పినకిల్’ అను కొండపై తన అనుచరులతో ఒక గ్రామమును నెలకొల్పెను. తమ పంట తాము పండించుకొనిరి. 1941లో పోలీసులు దానిపై బడిరి. 1954లో దానిని నేలమట్టము చేసిరి.

మన యువకునికి శాంతి లభించిన ఆ బుల్ బే కొండ సంగతి వినుడు. అచ్చట నివసించు శాఖవారిని బోబో శాంతి అందురు. ఈ ‘శాంతి’ మన శాంతి కాదని ముందే మనవి చేయుచున్నాను. అది పశ్చిమాఫ్రికాలోని అశాంతి జాతి పేరునుండి వచ్చినదని వారే చెప్పుదురు. ఉపన్యాసములో ఈ మాటకు కూడ సంస్కృత వ్యుత్పత్తి చెప్పబడెను! ప్రిన్స్ ఇమ్మాన్యుయేల్ అను గురువు 1958లో కింగ్‌స్టన్‌లోని బ్యాక్ ఓ వాల్ అను మురికివాడలో రాస్తఫారీల మహాసభ జరిపెను; అతని సమాజము అచ్చటనే పెరిగెను. 1966 ఏప్రిల్ 21వ తేదీన హైలె సెలాసీ జమైకాకు వచ్చినపుడు విమానాశ్రయమున వేలకొలది రాస్తఫారీలు అవధులు దాటి విమానము చుట్టును చేరిరి. చక్రవర్తి కొంతసేపు దిగలేకపోయెను. చివరకు మోర్టిమో ప్లానో అను రాస్తఫారీ పెద్ద మెట్లెక్కి జనమును శాంతింపజేసి ఆయనను దింపెను. ఆ దృశ్యము చూచిన రాజ్యము వారిని గౌరవించినదనుకొందురేమో. మూడు నెలలు తిరుగకుండ, అదే సంవత్సరము జూలైలో, బ్యాక్ ఓ వాల్ గుడిసెలపై బుల్‌డోజర్లను నడిపిరి. ఇమ్మాన్యుయేల్ సమాజము చెదరి, పలుచోట్ల తలదాచుకొని, తుదకు బుల్ బే కొండ చేరెను. వేకువన సముద్రము అందముగా కనబడు ఆ స్థలము తరుమబడినవారు ఎక్కిన కొండ.

అంతకు మూడేండ్ల ముందరి కథ ఇంకను దారుణము. 1963 ఏప్రిల్ 11వ తేదీన, ఈస్టరు పండుగకు ముందటి గురువారమున, మాంటెగో బే సమీపమున కోరల్ గార్డెన్స్ అను చోట భూమితగవుతో ముడిపడిన అలజడి చెలరేగెను. కొందరు గడ్డములవారు ఒక పెట్రోలు బంకుపై దాడిచేసిరి. ఎనమండుగురు మరణించిరి; వారిలో పోలీసులును, రాస్తఫారీలును ఉండిరి. నేరము చేసినవారు గుప్పెడుమంది. శిక్ష మాత్రము మతమంతటికి పడెను. మరునాటినుండి పోలీసులు, సైనికులు, కొన్నిచోట్ల సామాన్య పౌరులు కూడ, గడ్డము గలవానినెల్ల పట్టిరి, కొట్టిరి, చెరలో వేసిరి. బలవంతముగా జటలు కత్తిరించిరి. పండుగ ముందటి శుభ శుక్రవారమును రాస్తఫారీలు నాటినుండి ‘చెడ్డ శుక్రవారము’ అని స్మరించుకొందురు. స్వాతంత్ర్యము వచ్చి ఇంకను ఏడాది నిండని రాజ్యము తన పౌరులపట్ల చేసిన పని ఇది. 2015లో అచ్చటి ప్రజారక్షకాధికారి విచారణ నివేదిక సమర్పించెను. 2017 ఏప్రిల్‌లో ప్రధాని ఆండ్రూ హోల్నెస్ ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. యాబది నాలుగేండ్లు పట్టెను.

శివుని జటపై గంగ దిగెను. దానిపైకి పోలీసు కత్తెర రాలేదు. ‘ఈ జటలు మనవి’ అనువాడు ఆ కత్తెర దెబ్బలను కూడ మనవి అనగలడా? కీర్తి వచ్చినపుడు చుట్టరికము కలుపుకొని, కష్టము వచ్చినపుడు ఊరిలో లేనివానిని మన పల్లెలలో ఏమందురో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

అద్వైతము మాటకు వచ్చెదను. నన్ను మిక్కిలి నొప్పించినది ఇదియే. ‘ఐ అండ్ ఐ’ అనగా ‘నేనును నేనును’. ‘మేము’ అనవలసిన చోట, ‘నీవును నేనును’ అనవలసిన చోట, ఒక్కొక్కసారి ‘నేను’ అనవలసిన చోట కూడ రాస్తఫారీలు ఈ మాట వాడుదురు. దేవుడు ప్రతి మనుష్యునిలో ఉన్నాడు గనుక ఇద్దరి నడుమ పరాయితనము లేదని దాని భావము. ఇంతవరకు వినినచో మన వేదాంతము గుర్తునకు వచ్చుట సహజము. కాని ఆ మాట పుట్టిన మన్ను వేరు. జమైకా జనుల వాడుకలో ‘నేను’ అనుటకు బదులు ‘మీ’ అనియే అందురు. ఆంగ్లమున అది కర్మపదము. మన వ్యాకరణ పరిభాషలో చెప్పవలెనన్న, ఆ జాతి మూడు వందల యేండ్లు ద్వితీయా విభక్తిలో జీవించెను. నన్ను కొనిరి, నన్ను అమ్మిరి, నన్ను కొట్టిరి. ‘నన్ను’ అను బ్రతుకునుండి ‘నేను’ అను బ్రతుకునకు, కర్మనుండి కర్తకు, లేచి నిలుచుటకే వారు ఆ మాటను చేపట్టిరి. శంకరులవారి ‘అహమ్’ విచారించి కరగింపవలసిన అహమ్. వీరి ‘నేను’ గట్టిగా ఉచ్చరించి నిలబెట్టుకొనవలసిన నేను. ఒకటి గొప్పది, రెండవది చిన్నది అని నేను చెప్పుటలేదు. రెండును ఒకటియనుట మాత్రము రెంటిని తెలిసికొనకపోవుట.

వారు అంతటితో ఊరకొనలేదు. దొర భాషలోని ప్రతి మాటను తట్టి చూచిరి. ‘అండర్‌స్టాండ్’ అనగా క్రింద నిలుచుట. తెలిసికొన్నవాడు క్రింద ఏల నిలువవలెను? కనుక ‘ఓవర్‌స్టాండ్’ అనిరి. పీడనమునకు ఆంగ్లమున వాడు ‘ఒప్రెషన్’ అను మాటలో వారి చెవికి ‘అప్’ అను ధ్వని వినబడెను. క్రిందికి త్రొక్కు దానికి పైకెత్తు శబ్దమేల? కనుక ‘డౌన్‌ప్రెషన్’ అనిరి. భాషాశాస్త్రజ్ఞులు నవ్వవచ్చును. నేను నవ్వలేను. 1936లో రాష్ట్రము విడదీసిననాటినుండి ఈ ఊరిలో మన భాషను నిలుపుకొనుటకు ఈ సంఘము పడిన పాట్లు నేనెరుగుదును. మన పాఠశాలలో తరగతికి పిల్లలు చాలక ఇల్లిల్లు తిరిగిన ఉపాధ్యాయులలో నేనొకడను. మనకు భాష ఉన్నది. మన పిల్లలు దానిని జారవిడుచుచున్నారు. వారి భాషలు ఓడలపైననే ఊడబెరుకబడినవి. వారు కొట్టినవాని భాషనే తీసికొని, దానిని మలచి, తమ ప్రార్థనకు పనికివచ్చునట్లు చేసికొనిరి. తెలుగు సంఘపు వేదికపై రెండు వారముల అనుభవమును చెప్పబూనినవానికి ఇంతకంటె చెప్పదగిన విషయమేమున్నది? ఇది అద్వైతమే అని ఒక్క మాటతో దాటిపోయెను.

ఉప్పులేని వంటయు ఇట్టిదే. ‘ఐటల్’ అని వారు పిలుచు ఆ ఆహారనియమము ‘వైటల్’ అను మాటనుండి మొదటి అక్షరము తీసివేయగా వచ్చినది. ప్రాణముగల తిండి అని అర్థము. మాంసము, ముఖ్యముగా పందిమాంసము, వర్జ్యము. ఉప్పు పెక్కుమంది తినరు. బానిసకాలమున ఆఫ్రికనులలో ఒక నమ్మకముండెను: ఉప్పు తిననివాడు గాలిలో ఎగిరి ఆఫ్రికాకు తిరిగిపోగలడని. తోటలలో వారికి పెట్టినదేమో ఉప్పుచేప. ఆ చప్పిడి కూటిలో ఇంటిబెంగ ఉన్నదని తెలిసినచో మన యువకుడు దానిని పథ్యమువలె వర్ణించి యుండడు. వారి న్యాబింగి వాద్యగోష్ఠిలో మూడు విధములైన డోళ్లు కలవు. వాటిలో ‘బుర్రు’ అను ఆఫ్రికా సంప్రదాయపు ఛాయ కలదు. ఆ పేరు విని దీనిని మన బుర్రకథతో ముడివేయువారు కూడ రేపు బయలుదేరవచ్చునని భయపడుచున్నాను.

పరుల మతమును సొంతము చేసికొనరాదంటిని. అట్లని పొగడ్త ఒక్కటియే గౌరవమనుకొనుటయు తప్పే. బోబో శాంతి ఆశ్రమమున స్త్రీలు నెలలో పెక్కు దినములు వేరుగా ఉండవలెను. పురుషులకు వంట చేయరాదు, వారిని తాకరాదు. మన ఉపన్యాసకుడు దీనిని చెప్పి, “మనము పోగొట్టుకొన్న శౌచాచారమును వారు కాపాడుకొనుచున్నారు” అనెను. సభలో ముందు వరుసనున్న స్త్రీల ముఖములు నేను చూచితిని. మా తల్లి నెలకు మూడు దినములు పశువుల కొట్టమునకు ఆనుకొనియున్న గదిలో చాపపై పరుండెడిది, జ్వరమున్నను అచ్చటనే. మా కుమార్తె దానిని ఒప్పుకొనలేదు. ఒప్పుకొననందులకు నాకు సంతోషము. మన ఇంట మనము మాన్పించుకొన్న దానిని, పరుల ఇంట చూచి మురిసిపోవుట ఏమి న్యాయము? ఈ నియమములను రాస్తఫారీ స్త్రీలే ప్రశ్నించిరి, ప్రశ్నించుచున్నారు. అట్టివారిలో ఒక్కరి మాటయైనను విని వచ్చెనా అతడు?

హైలె సెలాసీ విషయమునను అంతే. ఆయన జీవితాంతము ఇథియోపియా సనాతన క్రైస్తవ సంఘమునకు చెందినవాడు. 1973లో వొల్లో ప్రాంతమున కరవు వచ్చి వేలకొలది జనులు మడియుచుండగా ఆయన ప్రభుత్వము దానిని కప్పిపుచ్చెను. 1974 సెప్టెంబరులో సైనికులు ఆయనను పదభ్రష్టుని చేసిరి. మరుసటి యేడు ఆయన మరణించెను. తమ దేవుడు సామాన్య రాజువలె కూలిపోగా రాస్తఫారీలు ఆ సంకటమును ఎట్లు దాటిరన్నది ఏ మతస్థుడైనను శ్రద్ధతో వినవలసిన సంగతి. కొందరు ఆయన మరణమునే నమ్మలేదు. కొందరు ఆయనను రాజుగా మాత్రము తలచి క్రీస్తు వైపు మరలిరి. మరికొందరు ఆయన 1948లో ఇచ్చిన షాషమనే నేలపైననే ఉండిపోయిరి. అది అడిస్ అబాబాకు దక్షిణమున సుమారు ఐదువందల ఎకరముల భూమి. పశ్చిమ ఖండముల నల్లవారు తిరిగివచ్చి నివసించుటకని ఇచ్చినది. 1975లో కొత్త ప్రభుత్వము భూములన్నిటిని జాతీయము చేయగా అందు పెద్దభాగము పోయెను. అయినను కొన్ని కుటుంబములు కదలలేదు. దశాబ్దములపాటు ఏ దేశపు పత్రములును లేక బ్రతికి, 2017లో గాని ఇథియోపియా గుర్తింపు కార్డులు పొందలేదు. రెండు వారములకు తిరుగుటిక్కెట్టు చేతబట్టుకొని పోవు ఆధ్యాత్మిక యాత్రకును, తిరుగుటిక్కెట్టు లేని ఆ యాత్రకును గల భేదమును ఎవరైన తూచి చూడవచ్చును.

గంజాయి గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను, ఏలయనగా ఆనాడు యువకులు మిక్కిలి ఉత్సాహముగా వినిన భాగమదే. జమైకాలో 1913లో దానిని నిషేధించిరి. ఆ చట్టమును చూపించియే రాస్తఫారీలను దశాబ్దములపాటు వేటాడిరి. 2015లో చట్టము మార్చి, రెండు ఔన్సుల వరకు దగ్గర ఉంచుకొనుట పెద్ద నేరము కాకుండ చేసి, రాస్తఫారీలకు మతకార్యములలో వాడుకొను హక్కు ఇచ్చిరి. ప్రార్థన చేసి, వలయముగా కూర్చుండి, లేఖనములు చర్చించుచు దానిని సేవింతురు. అసలు ముట్టని రాస్తఫారీలును కలరు. ఆ హక్కునకు వారు చెల్లించిన మూల్యము జైలు. మన దేశమున 1985 నాటి చట్టము ప్రకారము గంజాయి నేరము. సభలో నవ్విన కుర్రవాండ్రకు పరాయివాని నైవేద్యము తమ వినోదమునకు అనుమతిపత్రము కాదు.

రెండు వారముల కాలము చాలదని నేను తప్పుపట్టుట లేదు. 1960లో వెస్టిండీస్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన ఎం. జి. స్మిత్, రాయ్ ఆజియర్, రెక్స్ నెటిల్‌ఫర్డ్ అను మువ్వురు పండితులు, రాస్తఫారీలే కోరగా, కింగ్‌స్టన్ వాడలలో ఇంచుమించు రెండు వారములే తిరిగిరి. తిరిగి ఒక నివేదిక వ్రాసిరి. వీరు ఉన్మాదులు కారు, హంతకులు కారు, అధికులు శాంతిపరులు. వీరికి ఇండ్లు, పనులు, ఆఫ్రికాకు పోవు మార్గము కావలెనని అందు చెప్పిరి. మరుసటి యేడు ప్రభుత్వము ఆఫ్రికాకు ఒక ప్రతినిధివర్గమును పంపెను. అందు రాస్తఫారీలకు కూడ స్థానము లభించెను. వారును రెండు వారములే ఉండిరి. తమకేమి శాంతి కలిగినదో వారు వ్రాయలేదు. ఎదుటివారికేమి కావలెనో అడిగి వ్రాసిరి.

ఆ యువకుడు మొన్న నన్ను తన ఇంటికి పిలిచెను. మర్యాదస్థుడు, నా అభిప్రాయము విని నొచ్చుకొనినను కాఫీ ఇచ్చెను. ముందుగదిలో గోడకు ఒక చీపురు వ్రేలాడదీసి యుండెను. బోబో శాంతివారు చీపుళ్లు కట్టి కింగ్‌స్టన్ వీధులలో అమ్మి జీవింతురు. శుభ్రతకు గుర్తుగా దానిని పవిత్రముగా చూతురు. “దీని వెల యెంత?” అని అడిగితిని. “అతిథినని ఊరకనే ఇచ్చిరి” అనెను. అది వారి బియ్యపు డబ్బని తెలియునా అని అడుగబోయి ఊరకొంటిని. వచ్చే నెల మందిరమున అతడు ఛాయాచిత్రముల ప్రదర్శన చేయనున్నాడు. ఆ సభలో చదువుటకై కోరల్ గార్డెన్స్ గూర్చి నాలుగు పుటలు వ్రాసి మన కార్యదర్శిగారి చేతికిచ్చితిని. సమయము చాలునో చాలదో చూచి చెప్పెదమనిరి.